క్యాంపర్ ట్రైలర్‌కి సోలార్ వైరింగ్: కప్పు నుంచి ఫ్లోర్ దాకా అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బండ్లకి సోలార్ బిగించడం మా పని. టిఫిన్ బండ్లు, వైద్య శిబిరాల వ్యాన్లు ఎప్పటినుంచో చేస్తున్నాం. ఈ మధ్య కారు వెనక తగిలించుకుని బారువ, కళింగపట్నం, అరకు తిరిగొచ్చే క్యాంపర్ ట్రైలర్లు కూడా వస్తున్నాయి. ఏ కంపెనీ ప్యానెల్ మంచిది, ఎన్ని వాట్లు పెట్టాలి అని అందరూ అడుగుతారు. వైరు కప్పులోంచి ఎక్కడ దిగుతుంది, ఫ్లోర్‌లోంచి ఎలా బయటికి పోతుంది అని అడిగేవాళ్ళు తక్కువ. కానీ రిపేరుకి వచ్చిన బండ్లలో ప్యానెల్ శుభ్రంగానే ఉంటుంది. చెడేది ఎక్కువగా వైరు రేకుని దాటే చోటే.

అపోహ: కప్పుకి కన్నం పెడితే వాన కారి తీరుతుంది.

"ఏటి బాబూ, కొత్త బండికి కన్నం ఎట్టేస్తావా?" అని కంగారు పడేవాళ్ళు చాలామంది. ఆ భయంతో వైరుని కిటికీ సందులోంచో, తలుపు రబ్బరు కిందనుంచో లోపలికి తెచ్చుకుంటారు. తలుపు వేసినప్పుడల్లా వైరు నలుగుతుంది. రబ్బరు సరిగ్గా కూర్చోదు కాబట్టి ఏ నీటికి భయపడ్డారో ఆ నీరే అక్కడినుంచి లోపలికొస్తుంది.

పద్ధతిగా పెట్టిన కన్నం కారదు. డ్రిల్లు పట్టే ముందు లోపలి సీలింగ్ విప్పి, కింద ఫ్రేము పైపు గానీ లైటు వైరు గానీ లేదని చూసుకోవాలి. నీరు నిలిచే పల్లంలో పెట్టకూడదు. కన్నం పడ్డాక అంచుని ఆకురాయితో నున్నగా చేసి, బయటపడ్డ లోహానికి ప్రైమర్ పూయాలి. కప్పు శాండ్‌విచ్ బోర్డుదైతే, అంటే రెండు రేకుల మధ్య ఫోమో ప్లైవుడ్డో ఉంటే, ఇంకాస్త పని ఉంది. లోపలి సరుకుని కొద్దిగా గీకి తీసి, ఆ ఖాళీని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మళ్ళీ కన్నం వేయాలి. అలా చేస్తే ఎప్పుడైనా చుక్క నీరు దిగినా ప్లైవుడ్‌కి తగలదు.

దాని మీద కేబుల్ ఎంట్రీ బాక్సు కూర్చోబెట్టాలి. ఒక్కో వైరుకి ఒక్కో గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని నీటిని ఆపే బిగింపు) ఉండాలి. గుండ్రటి రబ్బరులో రెండు వైర్లు కలిపి దూరిస్తే వాటి మధ్య సందు మిగిలిపోతుంది, ఎంత బిగించినా మూసుకోదు. బాక్సు మూతి బండి వెనక వైపుకి తిరిగి ఉండాలి. హైవే మీద ఎదురుగాలికి వాన చినుకు పైకి కూడా ఎగబాకుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాన ఎంత అడ్డంగా కొట్టిందో ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళలో కన్నానికి సీల్ వేసేటప్పుడు అలాంటి వానని మనసులో పెట్టుకునే చేయాలి. గ్లాండ్‌లోకి వెళ్ళే ముందు వైరుని కాస్త కిందికి వంచి పైకి తీసుకెళ్తే, నీరు ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతుంది.

అపోహ: చుట్టూ సిలికాన్ కొట్టేస్తే సరిపోతుంది.

హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే సిలికాన్‌లో ఎక్కువ రకాలు పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తాయి. అది ఆరేటప్పుడు బయటికొచ్చే ఎసిటిక్ ఆమ్లం. రేకుని, రాగిని తినేస్తుంది. పైగా పాత సిలికాన్ మీద కొత్త సీలెంట్ ఏదీ సరిగ్గా అతుక్కోదు. ఆ చోటు కారడం మొదలైతే మొత్తం గీకి, మొదటినుంచి చేయాల్సిందే. బండి కప్పుకి కావాల్సింది పాలీయురేథేన్ సీలెంట్. బండి ఊగినా, రేకు ఎండకి సాగినా దాంతోపాటు సాగుతుంది.

అలా సిలికాన్‌తో మూసిన బండి ఒకటి మా దగ్గరికొచ్చింది. పైనుంచి చూస్తే తెల్లగా, నీటుగా ఉంది. సీలింగ్ విప్పితే ప్లైవుడ్ ఉబ్బి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. వైరు రేకుకి ఆనుకున్న చోట ఇన్సులేషన్ ఒక పక్క చెక్కినట్టు అరిగి, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టింది. కన్నానికి గ్రామెట్ (అంచుకి తొడిగే రబ్బరు రింగు) లేదు. ప్రతి గతుకుకీ రేకు అంచు వైరుని కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చిందన్నమాట.

అపోహ: ఇంటి వైరింగ్ వైరు చాలు, రాగి ఎక్కడైనా రాగే.

రాగి ఒకటే గానీ తొడుగు వేరు. ఇళ్ళలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడికి తయారైంది, గోడలోపల ఉండాల్సింది. మే నెల ఎండలో కప్పు మీద పరిస్తే తొడుగు గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఈఎన్ 50618 (సోలార్ కేబుళ్ళ యూరప్ ప్రమాణం) అని ముద్ర ఉన్న సోలార్ డీసీ కేబుల్ తీసుకోండి. రెండు పొరల తొడుగు ఎండకి తట్టుకుంటుంది. లోపలి రాగి పోగులకి తగరం పూత ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి ఆ పూత చాలా అవసరం.

అపోహ: కంట్రోలర్ ఎక్కడ పెట్టినా ఒకటే.

ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చి చార్జ్ చేసే పెట్టె కంట్రోలర్. చాలామంది దీన్ని తలుపు పక్కన, కంటికి కనిపించేలా పెట్టమంటారు. ఇక్కడ లెక్క చూడాలి. 200 వాట్ల ప్యానెళ్ళు రెండు సిరీస్‌లో ఉన్నాయనుకుందాం. మంచి ఎండలో సుమారు 40 వోల్టులు, 10 ఆంపియర్లు. కప్పు నుంచి కంట్రోలర్‌కి 4 స్క్వేర్ ఎంఎం వైరు 6 మీటర్లు లాగితే, రానూపోనూ 12 మీటర్లలో పోయేది 0.6 వోల్టు. నలభైలో అదేమీ లెక్క కాదు.

కంట్రోలర్ దాటాక కథ మారుతుంది. అదే 400 వాట్లు 12 వోల్టుల బ్యాటరీకి దాదాపు 30 ఆంపియర్లుగా వెళ్తాయి. అదే వైరు అక్కడ 4 మీటర్లు లాగితే, రానూపోనూ 8 మీటర్లలో పోయేది 1.2 వోల్టులు. అంత కరెంటుకి వైరు కూడా బాగా వేడెక్కుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కంట్రోలర్ తన టెర్మినల్ దగ్గరి వోల్టేజీనే చూస్తుంది. బ్యాటరీ నిండకముందే నిండిందనుకుని చార్జింగ్ తగ్గించేస్తుంది. బ్యాటరీ పాడైందని కొత్తది కొనేసినవాళ్ళూ ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కంట్రోలర్‌ని బ్యాటరీకి మీటరు లోపే పెట్టి, 16 స్క్వేర్ ఎంఎం వైరు వేయండి. పోయేది ఒక వోల్టులో పదో వంతు కూడా ఉండదు. కంటికి కనిపించాలంటే డిస్‌ప్లేకి మాత్రం సన్న వైరు తలుపు దాకా తెచ్చుకోవచ్చు.

అపోహ: ఫ్లోర్ కింద ఏముంది, ఎలా వేసినా కనిపించదు కదా.

కనిపించదు కాబట్టే అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. చక్రాల నుంచి ఎగిరే కంకర, వర్షాకాలం బురద, బండి నెలల తరబడి నిలబెడితే పొలం ఎలుకలు... అన్నీ కిందనుంచే వస్తాయి. ఫ్లోర్ కన్నానికి గ్రామెట్, కింద పొడవునా కండ్యూట్ (వైరుకి తొడిగే పైపు), అడుగుకో క్లాంపు ఉండాలి. యాక్సిల్ కదిలే చోటుకి, గ్యాస్ పైపుకి దూరంగా తీసుకెళ్ళాలి. కండ్యూట్‌లో చేరిన నీరు పోయేలా పల్లపు చోట చిన్న రంధ్రం వదలండి.

ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు. దుమ్ము వస్తోందని ఫ్లోర్‌లో ఉన్న కన్నాలన్నీ మూసేస్తుంటారు. సిలిండర్ గూడు అడుగున ఉండే కన్నం గ్యాస్ బయటికి పోవడానికి పెట్టింది. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది. ఆ కన్నం మూయకూడదు, అందులోంచి వైరు లాగకూడదు.

అపోహ: 12 వోల్టులే కదా, ఫ్యూజు లేకపోయినా ఏమీ కాదు.

షాక్ కొట్టదన్నది నిజమే. కానీ షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది, క్షణాల్లో వైరు మండుతుంది. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీ పాజిటివ్ పక్కనే, జానెడు దూరంలో. ప్యానెల్ వైపు ఇంటి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్) పెట్టొద్దు. ఇంటి కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు స్విచ్‌లోని నిప్పు ఆరిపోతుంది. డీసీ అలా సున్నాకి రాదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. డీసీ ఎంసీబీ అని అడిగి, దాని మీద రాసిన వోల్టేజీ చూసి కొనండి.

అపోహ: నెగెటివ్‌కి ఛాసిస్ (బండి ఇనుప చట్రం) ఉంది, వేరే వైరు దండగ.

తీరంలో ఛాసిస్ బోల్టులు తుప్పు పడతాయి, లైన్ తెగుతుంది. నెగెటివ్‌కి కూడా పూర్తి వైరే లాగండి.

అపోహ: ప్యానెల్ మీద కొంచెం నీడ పడితే కొంచెమే తగ్గుతుంది.

ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక్క కొబ్బరి మట్ట నీడ రెండు మూడు సెల్స్‌ని కప్పినా ఆ వరస మొత్తం దెబ్బతింటుంది. తోటలో బండి నిలిపేవాళ్ళకి ప్యానెళ్ళని ప్యారలల్‌లో కలపడం మేలు. అప్పుడు ఒకటి నీడలో ఉన్నా రెండోది తన పని తాను చేసుకుంటుంది. కాకపోతే కరెంటు రెట్టింపవుతుంది కాబట్టి కప్పు నుంచి దిగే వైరు 6 స్క్వేర్ ఎంఎం వేయాలి, గ్లాండ్ కూడా ఆ లావుకి సరిపోయేదే తీసుకోవాలి.