పల్లమెరిగిన గాలి

జులై, ఆగస్టు నెలల్లో ఇండోనేషియాలోని మధ్య జావాలో ఉన్న డియెంగ్ పీఠభూమి మీద కొన్ని రోజులు తెల్లవారేసరికి పొలాలు తెల్లబడి ఉంటాయి. బంగాళాదుంప ఆకుల మీద, అర్జునుడి గుడి ముందున్న గడ్డి మీద ఉప్పు చల్లినట్లు మంచు పేరుకుని కనిపిస్తుంది. సూర్యుడు కొండ మీదికి వచ్చాక అది ఎంతోసేపు నిలవదు. నష్టం ఆ తర్వాతే బయటపడుతుంది. వేడినీళ్లు పోసినట్లు ఆకులు మెత్తబడి, చూస్తుండగానే నల్లగా మాడిపోతాయి. అక్కడి రైతులు ఈ మంచును ‘బున్ ఉపాస్’ అంటారు. బున్ అంటే మంచు, ఉపాస్ అంటే విషం.

డియెంగ్ భూమధ్యరేఖకు దక్షిణాన ఏడు డిగ్రీల దూరంలోనే ఉంది. అంటే హైదరాబాదు కంటే, తిరుపతి కంటే భూమధ్యరేఖకు బాగా దగ్గర. అలాంటి చోట నీరు గడ్డకట్టడం ఎలా సాధ్యం? సగం జవాబు ఎత్తులో ఉంది. పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 2000 మీటర్ల పైన ఉంది. దాని అంచున ఉన్న సెంబుంగన్ అనే ఊరు ఇంకా పైన, దాదాపు 2300 మీటర్ల దగ్గర ఉంది. జావా ద్వీపం మొత్తంలో అదే ఎత్తైన ఊరని పేరు. కిలోమీటరు పైకి వెళ్లేసరికి గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, తీరంలో 27, 28 డిగ్రీలుంటే ఇక్కడ 14, 15 ఉంటాయి. భుజాల చుట్టూ లుంగీ కప్పుకుని వంటింటి పొయ్యి దగ్గర కూర్చోవాలనిపించే చలి అది. నీళ్లు గడ్డకట్టడానికి మాత్రం చాలదు.

మిగతా సగం జవాబు రాత్రి ఆకాశంలో దొరుకుతుంది. పగలు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ, పైన మబ్బు ఉంటే అవి దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపి వెనక్కి పంపుతాయి. జావాకు జులై, ఆగస్టుల్లో గాలి ఆస్ట్రేలియా ఎడారుల వైపు నుంచి వస్తుంది. పొడిగాలి, మబ్బులేని ఆకాశం. దుప్పటి తీసేసిన నేల వేడి ఆగకుండా పోతుంది. పలుచని ఆకు చుట్టూ ఉన్న గాలి కంటే ముందుగా, ఎక్కువగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది.

నీరు పల్లమెరుగు అంటారు మన పెద్దలు. చల్లగాలి కూడా అంతే. కొండవాలు మీద బరువెక్కిన గాలి ఏ చప్పుడూ లేకుండా జారుకుంటూ వచ్చి పళ్లెంలాంటి మైదానంలో చేరుతుంది, నీళ్లు మడిలో నిలిచినట్లు అక్కడే నిలిచిపోతుంది. అందుకే వాలు మీది పొలం బతికిపోయి, దానికంటే వంద మీటర్ల కింద ఉన్న పొలం మాడిపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ చలి ఎక్కువన్న మన లెక్క ఆ ఒక్క రాత్రికి తలకిందులవుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులోనే ఉన్న మన లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగడానికీ మబ్బులేని రాత్రులే సాయం చేస్తాయి.

మంచు ఆకును ఎలా చంపుతుందో తెలిస్తే జాలి వేస్తుంది. ముందుగా గడ్డకట్టేది కణాల మధ్య ఖాళీల్లో ఉన్న నీరు. ఆ స్ఫటికాలు పెరుగుతూ కణాల్లోని నీటిని బయటికి లాగేస్తాయి. కణం ఎండిపోతుంది, దాని పొర చిట్లిపోతుంది. మంచు కరిగాక ఆ నీటిని మళ్లీ పట్టి ఉంచే కణం మిగలదు. చుట్టూ నీరుండగానే మొక్క దాహంతో చచ్చిపోయినట్లు. అందుకే రైతులు ఎండ తగలకముందే లేచి నీళ్లు చిమ్మి ఆకుల మీది మంచును కడిగేస్తారు. కొందరు రాత్రే పైర్ల మీద వలలు కప్పుతారు. పొలమంతా కప్పడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఈ పళ్లెంలాంటి మైదానం అగ్నిపర్వతాలు చేసిన చోటు. ఒక్క శిఖరం ఉన్న కొండగా ఊహించుకోకూడదు. పాత శంకువులు, బిలాలు, బిలాల్లో నిండిన చెరువులు, ఉడికే బురదగుంటలు, వాటన్నిటి మధ్య ఊళ్లు, పొలాలు. భూగర్భంలోని ఆవిరితో నడిచే 60 మెగావాట్ల విద్యుత్కేంద్రం గొట్టాలు బంగాళాదుంప మడుల పక్కగా పోతుంటాయి. డియెంగ్ అన్న పేరు ‘ది హ్యాంగ్’ నుంచి వచ్చిందంటారు. దేవతల నెలవు అని అర్థం. ఎనిమిదో శతాబ్దం ప్రాంతం నుంచే ఇక్కడ శివాలయాలు కట్టారు. కట్టినవారు వాటికి పెట్టిన పేర్లు ఎవరికీ తెలియవు. తరవాతి జనం మన తోలుబొమ్మలాటకు చుట్టమైన వయాంగ్ ఆటలోని పాత్రల పేర్లు పెట్టుకున్నారు. అర్జున గుడి, భీమ గుడి, ఘటోత్కచ గుడి, సుభద్ర గుడి. ధర్మరాజు పుంతదేవ అయ్యాడు. శ్రీకండి గుడి మన శిఖండిదే, అయితే జావా కథలో ఆమె అర్జునుడి భార్య, విల్లు పట్టిన వీరవనిత. సెమార్ పేరు మీద కూడా ఒక గుడి ఉంది. మన భారతంలో లేని పాత్ర అది. పాండవులకు సేవకుడిగా ఉంటూ నవ్విస్తూ బుద్ధి చెప్పే ముసలివాడు. ఇప్పుడు ఈ ఊళ్లవారంతా దాదాపు ముస్లింలే. సాయంత్రం అజాన్ పిలుపు ఈ గుళ్ల మీదుగానే వినిపిస్తుంది. ఈ పేర్లు వాళ్ల నోట పలికే తీరు తెలుగువాళ్ల మనసుకు దగ్గరగా ఉంటుంది.

ఆ గుళ్లు కట్టినవారికి పల్లం సంగతి బాగా తెలుసు. కొండలన్నీ తమ నీటిని ఈ మైదానంలోకి వదిలితే అది చెరువైపోతుంది. అందుకని నేల కింద కాలువలు తవ్వి నీటిని బయటికి పంపారు. వాటిలో ఒకదాన్ని ఇప్పటికీ అశ్వత్థామ సొరంగం అంటారు. మనుషులు ఆ చోటిని వదిలేసి, కాలువలు పూడుకుపోయాక గుళ్ల చుట్టూ నిజంగానే నీళ్లు నిలిచాయి. 19వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఐరోపావాళ్లు చూసింది నీటి మధ్యలో నిలబడ్డ గుళ్లను. ఆ శతాబ్దం మధ్యలో నీటిని తోడించాకే వాటి పీఠాలు బయటపడ్డాయి. ఇంజినీరింగ్ అన్న మాట పుట్టకముందే ఇంత జాగ్రత్తగా నీటి దారి చూసినవారి మీద నాకు ఎంతో గౌరవం.

ఉపాస్ అన్న మాట ఇక్కడ ఇంకొకదానికీ ఉంది. పీఠభూమి పడమటి వైపు బతూర్ అనే ఊరి దగ్గరి లోయల్లో ఒకదాన్ని వెనకటి యాత్రికులు ‘గువా ఉపాస్’ అని రాసుకున్నారు. విషపు లోయ. అందులోకి దిగిన జంతువు తిరిగి రాదు. జావాలో ఒక విషవృక్షం ఉందని, దాని గాలి సోకితే చాలు ప్రాణం పోతుందని 18వ శతాబ్దంలో ఐరోపాలో భయంకరమైన కథలు ప్రచారమయ్యాయి. ఉపాస్ చెట్టు నిజంగా ఉంది, దాని పాలు బాణాలకు పూసే విషమే. గాలితో చంపేది మాత్రం ఆ చెట్టు కాదు. నేల పగుళ్లలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్.

మన పల్లెల్లో పాడుబడ్డ బావిలో దిగేముందు దీపం దింపి చూసే అలవాటు ఉండేది. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు. బావి అడుగున చేరేదీ ఇలాంటి వాయువే. గాలి కంటే ఇది ఒకటిన్నర రెట్లు బరువు. రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో ఇది వందలో 0.04 వంతు. వందకు పది వంతులకు చేరితే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. గాలి కదలని రాత్రి ఇది కూడా చల్లగాలిలాగే వాగుల వెంట జారి పల్లంలో నిలుస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కి గాలి కదిలాక చెదిరిపోతుంది. బున్ ఉపాస్, గువా ఉపాస్ రెండూ ఒకే దారిన నడుస్తాయి. ఈ రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడారో నేను చెప్పలేను గానీ, ఆ పోలిక చాలా లోతైనదని నా నమ్మకం.

1979 ఫిబ్రవరి 20 తెల్లవారుజామున సినిలా బిలం పేలింది. అంతకుముందు భూమి కంపించింది. దగ్గరి కెపుచుకన్ ఊరివాళ్లు చీకట్లోనే లేచి బతూర్ వైపు పరుగెత్తారు. బురద, రాళ్లు, పొగ ఉన్న దిక్కుకు దూరంగా పోవడం ఎవరైనా చేసే పనే. వాళ్లు పోయే దారిలోనే నేల పగిలి కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చి పల్లపు చోట్లలో నిండి ఉంది. దాదాపు 150 మంది ఆ దారి మీదే పడిపోయారు. కంటికి కనిపించే ప్రమాదం నుంచి కనిపించని ప్రమాదంలోకి వెళ్లారు. తమ వంతుగా చేయగలిగినదంతా సరిగ్గానే చేసి చనిపోయిన వాళ్ల గురించి చదివినప్పుడల్లా ఎంతో బాధ కలుగుతుంది. ఆ దుర్ఘటన తర్వాత అగ్నిపర్వత శాస్త్రవేత్తలు నిప్పుతోపాటు వాయువును కొలవడానికీ ఇక్కడ ప్రాధాన్యం ఇచ్చారు. 2011లో తింబాంగ్ బిలం దగ్గర ఇదే వాయువు పెరిగినప్పుడు వెయ్యి మందికి పైగా ముందే ఖాళీ చేయించారు.

అంత ప్రమాదకరమైన బిలం చుట్టూ కూడా బంగాళాదుంప పొలాలే. ఎందుకని అడిగేముందు ఆ పంట గురించి తెలుసుకోవాలి. ఈ దుంప మొక్కకు రాత్రులు చల్లగా ఉంటేనే నేలలో గడ్డ ఊరుతుంది. ఉష్ణమండలంలో అలాంటి రాత్రులు కొండల మీదే దొరుకుతాయి. జావాలో ఆ కొండలు తక్కువ, తినేవాళ్లు కోట్లమంది. ఒకప్పుడు ఇక్కడ మొక్కజొన్న, పొగాకు పండేవి. వరి పండదు కాబట్టి మొక్కజొన్న నూకల అన్నమే తిండి. 1980ల నుంచి బంగాళాదుంప అన్నిటినీ పక్కకు నెట్టింది. మూడు నెలల్లో చేతికొస్తుంది, ఏడాదికి రెండు మూడు పంటలు తీయవచ్చు. ఆ సొమ్ముతో ఇళ్లు లేచాయి, మసీదులు లేచాయి, ఎందరో హజ్ యాత్రకు వెళ్లి వచ్చారు. వాళ్ల ఆశను తప్పు పట్టడం నాకు చేతకాదు.

ఇక్కడి పంటల్లో నాకు వింతగా తోచిన సంగతి ఒకటుంది. ఊరి పేరు చెబితే గుర్తొచ్చే వాటిలో చాలా మొక్కల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. బంగాళాదుంప సరే, చక్కెర పాకంలో నిలవచేసి యాత్రికులకు అమ్మే కారికా అనే చిన్న కొండ బొప్పాయి, నల్ల గింజలుండే గెండొట్ మిరప, చెట్టు టమాటా కూడా అక్కడివే. సగం ప్రపంచం అవతలి కొండల చలి, ఎత్తు, అగ్నిపర్వతపు మట్టి ఇక్కడ మళ్లీ దొరికాయి వాటికి. ఆండీస్ రైతులకు మంచు శత్రువు మాత్రమే కాదు. తవ్వి తీసిన దుంపల్ని రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఏళ్ల తరబడి నిలవ ఉండే చూన్యోగా మారుస్తారు. మొక్క ఇంత దూరం ప్రయాణం చేసింది గానీ, మంచుతో కలిసి బతికే ఆ విద్య దానితో రాలేదు.

బంగాళాదుంప వల్ల పల్లానికి పోయేవాటిలో మట్టి కూడా చేరింది. వాలు మీద బోదెలు అడ్డంగా వేస్తే వర్షపు నీరు ఆగి మట్టి నిలుస్తుందని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. డియెంగ్ రైతుల్లో చాలామంది బోదెలు పై నుంచి కిందికి, వాలు వెంటే వేస్తారు. తెలియక చేస్తున్నారనుకుంటే పొరపాటు. నీరు నిలిస్తే వేరు దగ్గర తేమ పెరిగి వడలు తెగులు వస్తుంది, దుంప కుళ్లుతుంది. నిలువు బోదెల్లో నీరు క్షణాల్లో దిగిపోతుంది, పంట దక్కుతుంది. ఈ పంట రైతుకు, మట్టి ఎన్నో ఏళ్ల తర్వాతి మనవళ్లకు. 1998 ఆర్థిక సంక్షోభం రోజుల్లో పైన మిగిలిన అడవి కూడా చాలావరకు కొట్టేశారు. వాలుకు పట్టు ఇచ్చే వేళ్లు పోయాయి.

ఆ మట్టి ఎక్కడికి పోతుందో చూడాలంటే సెరాయు నది వెంట పోవాలి. ఆ నది పుట్టేది డియెంగ్‌లోనే, భీముడి పేరున్న ఊట దగ్గర. అక్కడి నుంచి దక్షిణాన హిందూ మహాసముద్రం దాకా పోతుంది. దారిలో బంజర్‌నెగర దగ్గర మ్రిచా జలాశయం ఉంది. జావా భాషలో మ్రిచా అంటే మిరియం, సంస్కృత మరీచం నుంచి వచ్చిన మాట. విద్యుత్తు కోసం 1980ల చివర కట్టిన ఆ జలాశయం పైనుంచి వచ్చే పూడికతో, అనుకున్నదానికంటే చాలా వేగంగా నిండిపోతోంది. కోళ్ల ఎరువు వేసి ఎంతో శ్రమతో బాగుచేసుకున్న పైమట్టి ఆ నీటి అడుగున పేరుకుంటోంది. పొలం గట్ల మీద కారికా, కాఫీ లాంటి చెట్లు పెంచుకుంటే మట్టికి కొంత పట్టు దొరుకుతుంది. అవి పండి డబ్బు వచ్చేదాకా ఆగగలిగే కుటుంబానికే అది సాధ్యం.

ఇక్కడ కొందరు పిల్లలకు జ్వరం వచ్చి తగ్గాక జుట్టు జడలు కడుతుంది. బిడ్డ తనంతట తాను అడిగినదేదైనా ఇచ్చాకే, పూజ చేసి ఆ జడలు తీస్తారు. వాటిని చెరువులోనో ఏటిలోనో వదులుతారు. ఆ ఏరు చేరేదీ సెరాయులోనే.

బతూర్ వైపు పొలాల మధ్య ఒక స్మారక స్తంభం ఉంది. 1955 ఏప్రిల్ 16 రాత్రి పెంగమున్ అమున్ కొండ విరిగి లెగెతాంగ్ అనే పల్లె మీద పడింది. ఊరివాళ్లు 332 మంది, వేరే ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు 19 మంది పోయారని ఆ స్తంభం మీద రాసి ఉంది. సంపన్నమైన ఊరని, పాపం చేసి శిక్ష అనుభవించిందని ఒక కథ ఇప్పటికీ చెబుతారు. ఆ కథ నాకు నచ్చదు. వానలకు నానిన అగ్నిపర్వతపు కొండవాలు తన బరువును తాను మోయలేకపోయింది, దాని కింద మనుషులు నిద్రపోతున్నారు. ముందే కొండ మీద పగుళ్లు కనిపించాయని కూడా చెప్పుకుంటారు. ఆ స్తంభం చుట్టూ ఇప్పుడు కూరగాయల మడులు ఉన్నాయి.