ఐదు మిల్లీమీటర్ల పేచీ

పోయిన వేసవిలో గుంటూరు కుర్రాడొకడు తన కారు తీసుకుని విజయవాడ ఆటోనగర్‌కి వచ్చాడు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద టిక్ టిక్ టిక్ అని గోడ గడియారంలా చప్పుడు. పది నిమిషాలు నడిపితే ఆ చప్పుడు మాయం. మర్నాడు పొద్దున మళ్లీ హాజరు. ఎవరో వాల్వుల సర్దుబాటు అన్నారట, చేయించాడు. డబ్బులు పోయాయి, చప్పుడు పోలేదు.

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో కూర్చోవడం నాకు అలవాటు. అక్కడి మేస్త్రి బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచమన్నాడు. తెల్లారి ఇంజిను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి, ఇంజిను పొగ పైపుల గుత్తి, అదే మానిఫోల్డు, దాని చుట్టూ అరచేతిని దూరంగా తిప్పుతూ వచ్చాడు. మూడో పైపు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇక్కడ ఊదుతోంది మాస్టారూ."

తీసి చూస్తే వెంట్రుకంత పగులు. చల్లగా ఉన్నప్పుడు నోరు తెరుచుకుంటుంది, లోపలి పొగ దెబ్బ దెబ్బకీ టిక్కుమంటూ బయటికొస్తుంది. వేడెక్కితే ఇనుము ఉబ్బి ఆ నోరు తానే మూసుకుంటుంది. రోగి డాక్టరు ముందుకు రాగానే జ్వరం తగ్గిపోవడం అంటే ఇదే. ఈ జబ్బు పట్టుకోవాలంటే పొద్దున్నే చూడాలి.

మానిఫోల్డు అంటే నాలుగు సిలిండర్ల పొగనీ ఒకచోట చేర్చే పైపుల గుత్తి. వేళ్లు నాలుగు, మణికట్టు ఒకటి అనుకోండి. ఆ మణికట్టు దగ్గర టర్బో వేలాడుతుంది. మనం పోసే పెట్రోలులో ఉన్న శక్తిలో ఇంజిను పనిగా మార్చేది ఉజ్జాయింపుగా మూడో వంతే. ఇంకో వంతు రేడియేటర్ నీళ్లకి పోతుంది, మిగిలిన వంతు సైలెన్సర్ గుండా గాల్లో కలుస్తుంది. ఆ పోయే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న మరో చక్రంతో ఇంజిన్లోకి గాలి కుక్కితే ఎలా ఉంటుందని ఆలోచించినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి. అదే టర్బో. 1905లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో మామూలు జనం కొనుక్కునే కార్లలోకి అది వచ్చింది 1962లో. కారు టర్బోలో ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, మరీ చిన్నవి రెండు లక్షలు కూడా. అంత వేగంలో తిరిగే వస్తువుని మోస్తున్నది ఈ పైపుల గుత్తే. పైగా అది నిప్పుల్లో నిలబడి మోస్తోంది.

నిప్పులన్నది మాట వరసకి కాదు. గట్టిగా తొక్కినప్పుడు పెట్రోలు ఇంజిను పొగ 900 డిగ్రీలు దాటుతుంది. రాత్రిపూట లైట్లు ఆర్పి చూస్తే పైపులు కొలిమిలో కర్రు మాదిరి ఎర్రగా కనిపిస్తాయి. ఇక్కడే ఉంది అసలు పేచీ. మా పిల్లలకి దీన్ని బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మీటరు పొడవున, ఒక్క డిగ్రీకి ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతులు పద్దెనిమిది పెరుగుతుంది. ఎంత? ఏమీ కాదనిపిస్తుంది. కానీ మానిఫోల్డు ఈ కొస నుంచి ఆ కొసకి 35 సెంటీమీటర్లు, 30 డిగ్రీల నుంచి 800 డిగ్రీలకి వెళ్లిందనుకోండి. గుణిస్తే దగ్గర దగ్గర 5 మిల్లీమీటర్లు.

మరి అది బిగించి ఉన్న ఇంజిను హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, దాని సంగతి? అది అల్యూమినియం. డిగ్రీకి లెక్కేస్తే స్టీలు కన్నా ఎక్కువే పెరిగే లోహం. కానీ దాని లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దాని పెరుగుదల అర మిల్లీమీటరు. ఒకడు ఐదు పెరుగుతానంటాడు, పక్కనే నట్లతో కట్టేసి ఉన్నవాడు అర దాటనంటాడు. పెరిగేవాడికి ఎక్కడో ఒకచోట దారి ఇవ్వాలి. మనం ఇవ్వకపోతే లోహమే దారి చేసుకుంటుంది, పగులు రూపంలో.

మన పల్లెల్లో ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేటప్పుడు ఇదే గుణాన్ని వాడుకునేవాళ్లు. పిడకల మంటలో పట్టాని ఎర్రగా కాల్చి, పెద్దదైనప్పుడు చక్రం మీద వేసి, నీళ్లు కొడితే అది బిగుసుకుని కర్రలన్నిటినీ కదలకుండా పట్టేది. అక్కడ మేలు చేసిన గుణమే ఇక్కడ కీడు చేస్తోంది. తేడా ఏమిటంటే బండి పట్టా ఒక్కసారే వేడెక్కుతుంది. మానిఫోల్డు మాత్రం బండి తీసిన ప్రతిసారీ.

మా మేస్త్రికి ఈ లెక్క తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు వెల్డరుగా ఏళ్లు గడిపాడు. 500 డిగ్రీలు దాటిన ఆవిరి నడిచే పైపులు అక్కడ తిన్నగా వెళ్లవు. మధ్యలో మలుపులు తిరుగుతాయి, స్ప్రింగుల మీద వేలాడతాయి. తిన్నగా వేసి రెండు చివర్లా కట్టేస్తే ఏమవుతుందో ఆయన కళ్లారా చూసినవాడు. గుంటూరు కుర్రాడి మానిఫోల్డు చూడగానే మొదట అన్నమాట, "దీనికి ఊపిరాడలేదండీ."

నిజమే. ఎవరు చేశారో మనకనవసరం. చూడ్డానికి వీణలా ఉంది, అద్దంలా మెరుస్తోంది. కానీ పొడుగాటి సన్న పైపులకి ఆరేడు కిలోల టర్బోని వేలాడదీసి కింద ఆసరా పెట్టలేదు. పైగా బలం కోసమని రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక పట్టీ వెల్డింగ్ చేశారు. వేర్వేరుగా పెరగాల్సిన రెండింటిని ఒకదానికొకటి కట్టేశారన్నమాట. పగులు సరిగ్గా ఆ పట్టీ పక్కన, వెల్డింగ్ గీత అంచున వచ్చింది. ఎక్కువసార్లు పగిలేది ఆ అంచునే. అక్కడ మందం ఒక్కసారిగా మారుతుంది, వెల్డింగ్ వేడికి లోహం గుణం కూడా మారి ఉంటుంది.

ఇక కొత్త మానిఫోల్డు దేనితో చేయాలి? కంపెనీ వాళ్లు పోతపోసిన ఇనుముతో చేస్తారు. బరువే గానీ మొండిది, తక్కువ వ్యాకోచిస్తుంది. ఒక్క బండి కోసం అచ్చు తీసి పోత పోయించడం కుదరదు కాబట్టి మనకి పైపే గతి. మామూలు మైల్డ్ స్టీలు పైపు చవక, వెల్డింగ్ తేలిక, స్టెయిన్‌లెస్ కన్నా తక్కువ పెరుగుతుంది. అయితే 550 డిగ్రీలు దాటితే పొరలు పొరలుగా పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు వెళ్లి పడేది టర్బో చక్రం మీద. స్టెయిన్‌లెస్‌లో ఉండే 18 శాతం క్రోమియం పైన పలచని ఆక్సైడు పొర కట్టి ఆ బాధ తప్పిస్తుంది. దానికీ ఒక బలహీనత ఉంది. 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే లోపలి కార్బన్ వెళ్లి క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. రేణువుల అంచుల్లో క్రోమియం కరవై, అక్కడ తుప్పుకీ పగులుకీ తలుపు తెరుచుకుంటుంది. మానిఫోల్డు బతికేది సరిగ్గా ఆ వేడిలోనే. అందుకే 321 రకంలో టైటానియం కలుపుతారు, కార్బన్ క్రోమియం జోలికి పోకుండా టైటానియంతో జత కడుతుంది. 321 దొరికితే అదృష్టం. దొరకకపోతే కార్బన్ తక్కువగా ఉండే 304ఎల్ తో సర్దుకుంటారు. మేస్త్రి వాడింది అదే, కాకపోతే సైలెన్సర్‌కి వాడే పలచని గొట్టం కాదు. ఫ్యాక్టరీ లైన్లకి వాడే షెడ్యూల్ 10 పైపు, బయటి కొలత 42.2 మిల్లీమీటర్లు, గోడ మందం 2.77. పలచని గొట్టం మెరుస్తుంది, ఇది మోస్తుంది.

పని మొదలయ్యేది వెల్డింగ్‌తో కాదు, కోతతో. రెడీమేడ్ బెండ్లని ముక్కలుగా కోసి, అంచుల్ని ఆకురాయితో రుద్ది, ఒకదానికొకటి వెలుతురు దూరనంతగా కూర్చాలి. మూడొంతుల సమయం దీనికే. సందు వదిలితే ఫిల్లర్ రాడ్డుతో నింపాలి, ఎంత నింపితే చల్లారేటప్పుడు అంత లాగుతుంది.

వెల్డింగ్ టిగ్ పద్ధతిలో. టార్చి కొసన టంగ్‌స్టన్ ముల్లు. అది కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి కాబట్టి అది కరగకుండానే దాని మొన దగ్గరి మెరుపు స్టీలుని కరిగిస్తుంది. చుట్టూ ఆర్గాన్ గాలి గొడుగు పట్టి ఆక్సిజన్ని దగ్గరికి రానివ్వదు. మే నెల విజయవాడలో, రేకుల షెడ్డు కింద, ఆ పని చేస్తున్నంతసేపూ ఫ్యాను ఆపేయాలి. గాలి తగిలితే ఆర్గాన్ గొడుగు ఎగిరిపోతుంది. చొక్కా పిండితే నీళ్లు కారే స్థితిలో, చెయ్యి మాత్రం వణక్కుండా ముత్యాలు పేర్చినట్టు గీత గీస్తుంటాడు. ఈ ఒక్క దృశ్యానికే నేను ఆదివారాలు అక్కడికి పోయేది.

చాలామంది మర్చిపోయేది పైపు లోపలి వైపు. బయట గొడుగు ఉంది సరే, గోడ అవతల కూడా లోహం కరుగుతోంది కదా, అక్కడ మామూలు గాలే ఉంటే? స్టెయిన్‌లెస్ లోపల మాడిన బెల్లం పాకంలా నల్లగా గరుకుగా పొంగుతుంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. బయటి నుంచి ఎవరికీ కనపడదు. వాడకంలో ఆ గరుకు దగ్గర పగులు మొదలవుతుంది, లేదా ఒక పలుకు ఊడి లక్ష చుట్లు తిరిగే చక్రానికి తగులుతుంది. అందుకని పైపు నోళ్లకి టేపు వేసి లోపల కూడా ఆర్గాన్ నింపుతారు. ఆర్గాన్ గాలి కన్నా బరువు. కింది నుంచి వదిలి పైన చిన్న కన్నం ఉంచితే, బిందెలో నీళ్లు నిండినట్టు అడుగు నుంచి నిండుతూ మామూలు గాలిని పైకి నెట్టేస్తుంది. ఖర్చు పెరుగుతుందని ఈ మెట్టు దాటేసేవాళ్లున్నారు. నన్నడిగితే మానిఫోల్డు చేయించుకునేవాడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే, లోపల గ్యాస్ పెడతారా లేదా అని.

గీత పక్కన వచ్చే రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. లేత బంగారు రంగంటే గొడుగు బాగా పట్టినట్టు, బూడిద రంగంటే మాడినట్టు. అది రంగు కాదు, ఆక్సైడు పొర మందం. వానకి తడిసిన రోడ్డు మీద ఆయిలు చుక్క ఇంద్రధనుస్సులా కనిపించడానికి ఏ కారణమో దీనికీ అదే. ఇన్‌స్టాగ్రామ్ ఫోటోల్లో మురిపించే నీలం, ఊదా రంగులు వెల్డరు నైపుణ్యానికి గుర్తని జనం అనుకుంటారు. నిజానికి అక్కడ వేడి కాస్త ఎక్కువే తగిలింది.

హెడ్డుకి ఆనే ఫ్లేంజి 12 మిల్లీమీటర్ల పలక. దానికి నాలుగు పైపులూ ఒకే వైపు అతికితే, కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుని పలకని విల్లులా వంచుతుంది. అందుకే మేస్త్రి దాన్ని పనికిరాని పాత హెడ్డుకి బిగించి, ఒకటో పైపు దగ్గర కొంచెం, నాలుగో పైపు దగ్గర కొంచెం, ఇలా తిప్పి తిప్పి వెల్డింగ్ చేశాడు. పూర్తిగా చల్లారేదాకా నట్లు విప్పలేదు. అయినా కాస్త వంగింది. వీధి చివర హెడ్ ఫేసింగ్ చేసే షాపులో మిషన్ మీద చదును చేయించారు. ఆ తర్వాత, చూసేవాడి గుండె ఝల్లుమనేలా, అంత కష్టపడి చేసిన ఫ్లేంజిని పైపుకీ పైపుకీ మధ్య రంపంతో కోసేశాడు. చివరి బోల్టు కన్నాల్ని ఒక మిల్లీమీటరు పెద్దవి చేశాడు. ఐదు మిల్లీమీటర్ల పేచీకి తీర్పు అదే. ఎవరి పెరుగుదల వాళ్లది, నట్ల కింద జరగడానికి జాగా ఉంది. టర్బో బరువు మోయడానికి ఇంజిను బ్లాకు నుంచి ఒక ఆసరా పెట్టాడు, దానికీ కాస్త కదిలే వీలుంచి.

నాలుగు పైపుల్ని ఎలా కలపాలన్నది మరో పెద్ద కథ. ఈ ఇంజిన్లో సిలిండర్లలో పెట్రోలు 1-3-4-2 వరసలో మండుతుంది. పొగని వదిలే ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వు, ఇంజిను ఇరుసు తిరిగే అర చుట్టు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి, ఒకదాని పొగ పోతుండగానే వరసలో తర్వాతిది వచ్చి మీద పడుతుంది. ఫ్లైఓవరు లేని రోజుల్లో బెంజి సర్కిల్ ఎలా ఉండేదో గుర్తున్నవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. 1, 4 ఒక దారిలో, 2, 3 ఇంకో దారిలో పెడితే ప్రతి దారిలోనూ పొగకీ పొగకీ మధ్య ఒక పూర్తి చుట్టు ఎడం వస్తుంది. దీనికి రెండు నోళ్లున్న టర్బో కావాలి. కుర్రాడిది ఒక నోటిదే, కాబట్టి ఆ ముచ్చట తీరలేదు. పైపులు మాత్రం పొట్టిగా చేశారు. సమాన పొడవు పైపుల మీద మోజున్నవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, పొట్టివే మేలని నా అభిప్రాయం. వేడి తక్కువ పోతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది, పగలడానికి చోట్లు తక్కువ.

షెడ్డులో ఒక నమ్మకం ఉంది, బెల్లం ముక్క తింటే వెల్డింగ్ పొగ పట్టదని. బెల్లం మంచిదే. కానీ స్టెయిన్‌లెస్ పొగలో ఉండే ఒక రకం క్రోమియం క్యాన్సర్ కారకం, బెల్లం దాన్ని ఊపిరితిత్తుల్లోంచి తీసుకురాలేదు. మాస్కు పెట్టుకోమని నేను పోరుతూనే ఉంటాను, "ఉక్కపోతండీ" అంటాడాయన. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డెక్కడం కుదరదు. ఈ బండి ట్రక్కు మీదెక్కి కోయంబత్తూరు రేసు ట్రాక్‌కి పోయేది, అక్కడే తిరిగేది.

బిగించిన రోజు సాయంత్రం ఇంజిన్ని రెండుసార్లు బాగా వేడెక్కించి, చల్లారనిచ్చి, రాత్రికి అక్కడే ఉంచారు. తెల్లారి ఆరింటికి ముగ్గురం బానెట్ చుట్టూ నిలబడ్డాం. కుర్రాడు తాళం తిప్పాడు. మేస్త్రి అరచెయ్యి మూడో పైపు దగ్గర ఆగింది, తర్వాత నాలుగో దగ్గర. చప్పుడు లేదు.

"పాలిష్ చేయిద్దామా అన్నా?" అన్నాడు కుర్రాడు.

"నెల ఆగు. ఎలాగూ గోధుమరంగుకొస్తది," అని, ఇంజిను ఆపించి, పానా తీసుకుని నట్లన్నీ వరసగా చూశాడు మేస్త్రి. రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.