నెలలు నిండని బిడ్డ, వార్డు బయట తల్లి

హిందూపురం, అనంతపురం, మదనపల్లె ప్రాంతాల్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను అంబులెన్సులో బెంగళూరుకు తీసుకెళ్లడం అక్కడి కుటుంబాలకు తెలిసిన సంగతే. ఆపరేషన్ అయిన తల్లి ఊళ్లోని ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఆమె కోలుకుని వచ్చాక కూడా అద్దంలోంచి కాసేపు చూడనివ్వడంతో సరిపెట్టే చోట్లు ఉన్నాయి. ఆ బిడ్డ బెదురుగా పెరిగినా, నలుగురిలో కలవలేకపోయినా, "పుట్టగానే తల్లి దగ్గర లేదు కదా" అన్న మాట ఆమెకే తగులుతుంది. నిజానికి ఆ దూరం ఆసుపత్రులు పెట్టిన నియమం. దానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1880 ప్రాంతంలో పారిస్ ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ టార్నియే, కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి, అలాంటిదే బిడ్డల కోసం చేయించాడు; అదే ఇంక్యుబేటర్. ఆయన శిష్యుడు పియెర్ బుడాఁ తల్లులను దగ్గరికి రానిచ్చి చనుబాలు పట్టించేవాడు. బిడ్డ అవసరాలు చూసుకునే వీలు లేని తల్లులలో కొందరికి ఆ బిడ్డ మీద ధ్యాసే పోతోందని 1900లో వెలువడిన గ్రంథంలో హెచ్చరించాడు కూడా. తర్వాతి తరం ఆ మాటను పక్కన పెట్టింది. ఇన్ఫెక్షన్ భయంతో కన్నవారిని వార్డు బయటే ఆపడం ఆచారమైపోయింది. యాంటీబయాటిక్‌లు లేని రోజుల్లో ఆ భయానికి కారణం ఉంది. అవి వచ్చాక కూడా దశాబ్దాల పాటు తలుపులు తెరవకపోవడం మాత్రం క్షమించరానిది.

పసితనంలో తల్లికి దూరమవడం మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో రాసిన నివేదికలో బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ వాదించాడు. 1970వ దశకంలో అమెరికా వైద్యులు మార్షల్ క్లౌస్, జాన్ కెనెల్ మరో అడుగు వేసి, కాన్పు తర్వాతి తొలి గంటలే తల్లీబిడ్డల అనుబంధానికి కీలకమన్నారు. వార్డుల తలుపులు తెరిపించడంలో ఆ వాదన ఎంతో ఉపకరించింది. అయితే ఆ గంటలు దాటితే అనుబంధం కుదరదన్న భావన తర్వాతి పరిశీలనలో నిలవలేదు. ఈలోగా అది పెట్టెలో బిడ్డ ఉన్న ఎందరో తల్లులకు అకారణమైన అపరాధభావాన్ని మిగిల్చింది.

ఇంతలో, 1978లో, కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఇన్ఫెక్షన్లతో పిల్లలు చనిపోతుంటే, ఎడ్గర్ రే సనాబ్రియా అనే వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా పట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. అదే కంగారూ మదర్ కేర్. 1990వ దశకంలో అక్కడ ఈ సంరక్షణ పొందిన వారిని ఇరవై ఏళ్ల వయసులో మళ్లీ పరిశీలించినప్పుడు, మామూలు సంరక్షణ పొందిన వారి కంటే వారిలో దూకుడు, అతిచురుకుదనం తక్కువగా కనిపించాయని 2017లో ప్రచురించారు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. 32 వారాలకు ముందే పుట్టిన వారు పెద్దయ్యాక డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరే అవకాశం నెలలు నిండిన వారి కంటే దాదాపు మూడు రెట్లని 2012లో స్వీడన్ సమాచారంపై వచ్చిన అధ్యయనం చెప్పింది. అయినా వారిలో అత్యధికులు ఏ మానసిక వ్యాధీ లేకుండానే జీవిస్తున్నారు. పైగా పెరుగుతున్న మెదడుపై రక్తస్రావం, ఆక్సిజన్ కొరత, పదేపదే సూదుల నొప్పి వేసే ముద్రను, తల్లి ఒడికి దూరమవడం వేసే ముద్ర నుంచి విడదీసి కొలవడం చాలా కష్టం. అందువల్ల అనుబంధం ఒక్కటే అన్నిటికీ కారణమనడం, దానికి ప్రమేయమే లేదనడం, రెండూ తొందరపాటే.

మన దేశంలో కంగారూ పద్ధతి 1990వ దశకంలో అహ్మదాబాద్‌లో మొదలైంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు దాన్ని కర్ణాటకలోని కొప్పళ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులకూ ఇళ్లకూ చేర్చే పనిలో పాలుపంచుకున్నారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనంలో, బిడ్డ నిలదొక్కుకునే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే నెలలోపు మరణాలు పాతిక శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలను అలాగే మార్చింది.

ఈ మార్పు జరగాలంటే తల్లికి ఎన్‌ఐసీయూలోనే, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులోనే, మంచం వేయాలి. ఆమె రాలేని రోజుల్లో తండ్రినో అమ్మమ్మనో ఆ పని చేయనివ్వాలి. హిందూపురం నుంచి బిడ్డను పంపేటప్పుడు, తల్లి ప్రయాణించగల స్థితిలో ఉంటే ఆమెనూ అదే అంబులెన్సులో ఎక్కించి, బెంగళూరులో చేర్చుకునే ఏర్పాటు రెండు ఆసుపత్రులూ ముందే చేసుకోవాలి.