వరుస తీసేసినా ఫార్ములా చెదరకుండా

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఎక్సెల్‌లో బి2 (బి నిలువు వరుసలోని రెండో గడి, అంటే సెల్) అనే చిరునామాకు డాలర్ గుర్తులు తగిలిస్తే అది ఇక కదలదని మీరు నేర్చుకొని ఉంటారు. ఫార్ములాను మరో సెల్‌లోకి కాపీ చేసేటప్పుడు మాత్రమే ఆ మాట నిజం. వరుసను తొలగించినప్పుడు డాలర్ గుర్తు దేన్నీ కాపాడదు. ఈ సంగతి తెలియక మన ఇంటి పాల లెక్కను నేను వారం రోజులు తప్పుగా చూశాను.

గడిచిన ఏడు రోజుల పాలను బి2 నుంచి బి8 వరకు లీటర్లలో రాసి, డి1లో సమ్ ఫార్ములాతో మొత్తం తీసేవాణ్ణి. రోజూ పొద్దున్నే అన్నిటికన్నా పాత రోజు ఉన్న రెండో వరుసను తొలగిస్తే మిగిలినవి పైకి జరిగేవి, ఖాళీ అయిన ఎనిమిదో వరుసలో కొత్త రోజును రాసేవాణ్ణి. రోజుకు 3 లీటర్ల చొప్పున 21 రావలసిన చోట మొదటి రోజు 18, మరునాడు 15 వచ్చాయి. ఎక్సెల్ దృష్టిలో బి2 అంటే ఆ చోటు కాదు, ఆ చోట ఇప్పుడున్న సెల్. అది పోయినప్పుడల్లా పరిధిని బి7 వరకు, తరువాత బి6 వరకు కుదించుకుంటూ పోయింది. ఏడోసారి ఆఖరి సెల్ కూడా పోయి, హాష్ గుర్తుతో రెఫ్ అనే లోపం కనబడింది. అది కంటికి కనబడే తప్పు కనుక నయమే, అంతకుముందు ఆరు రోజులూ సరైన లెక్కలాగే కనబడిన అంకెలే ప్రమాదకరమైనవి.

దీనికి నాకు నచ్చిన మందు ఇండెక్స్ అనే ఫంక్షన్. =సమ్(ఇండెక్స్(బి:బి,2):ఇండెక్స్(బి:బి,8)) అని, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. బి నిలువు వరుస మొత్తంలో రెండో చోటు నుంచి ఎనిమిదో చోటు వరకు కూడమని దీని అర్థం. 2, 8 అనేవి ఇక్కడ వట్టి అంకెలు కనుక ఎన్ని వరుసలు తొలగించినా మారవు.

ఇన్‌డైరెక్ట్ అనే ఫంక్షన్‌లో చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య రాసినా ఇదే ఫలితం వస్తుంది. అయితే షీటులో ఎక్కడ ఏది మారినా అది మళ్లీ లెక్కకట్టుకుంటుంది కనుక పెద్ద షీట్లు మందగిస్తాయి. పైగా దానిలో రాసిన షీటు పేరును తరువాత మార్చితే, కొటేషన్లలోని పాత పేరును మీరే వెతికి దిద్దుకోవాలి.

ఇట్లు,
మీ తాతయ్య