యంత్రం కడుపున పుట్టిన క్రియ

డచ్ భాషలో వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేయడాన్ని 'స్టోఫ్‌జౌఖన్' అంటారు. స్టోఫ్ అంటే దుమ్ము, జౌఖన్ అంటే పీల్చడం. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. ఒక్కసారి ఈ మాటను భూతకాలంలో పెట్టి చూడండి, దీని పుట్టుక బయటపడుతుంది.

జౌఖన్ చాలా పాత క్రియ. పసిపాప పాలు పీల్చినా ఇదే మాట. ఇంగ్లిష్ 'సక్' దీనికి చుట్టమే. 'పీల్చింది' అనాలంటే లోపలి అచ్చు మారి 'జోఖ్' అవుతుంది. ఆ లెక్కన దుమ్ము పక్కన కూడా జోఖ్ రావాలి. రాదు! 'స్టోఫ్‌జౌఖ్డె' అంటారు. అచ్చు కదలదు, చివర 'డె' చేరుతుంది. డచ్‌లో కొత్తగా పుట్టే క్రియలకు తగిలేది ఇలాంటి తోకే.

మన తెలుగులో 'పడు' పడ్డాడు అయితే బాధపడు బాధపడ్డాడు, భయపడు భయపడ్డాడు. ముందు ఏ మాట చేరినా క్రియ తన నడక మార్చుకోదు. డచ్‌లోనూ గుర్రపుస్వారీకి ఇదే పద్ధతి. అది 'పార్ట్‌రైడన్'. వాక్యంలో గుర్రం, స్వారీ విడిపోతాయి కూడా: 'ఇక్ రైట్ పార్ట్', నేను గుర్రపుస్వారీ చేస్తాను. స్టోఫ్‌జౌఖన్ మాత్రం విడిపోదు. 'ఇక్ స్టోఫ్‌జౌఖ్' అనాల్సిందే.

ఎందుకంటే దుమ్మునూ పీల్చడాన్నీ నేరుగా అతికించి చేసిన క్రియ కాదిది. మధ్యలో ఒక యంత్రం ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ దుమ్ము పీల్చే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పెట్రోల్ ఇంజన్‌తో నడిచే ఆ భారీ యంత్రాన్ని గుర్రబ్బండి మీద ఇంటి ముందుకు తెచ్చి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. ఇలాంటి యంత్రానికి డచ్ వాళ్లు పెట్టుకున్న పేరు 'స్టోఫ్‌జౌఖర్', అంటే దుమ్ము పీల్చేది. ఆ పేరు చివరి 'అర్' తీసేసి, దానితో చేసే పనికి క్రియను తయారుచేసుకున్నారు. తండ్రి నామవాచకం కాబట్టే పీల్చడం తాలూకు పాత వంకర రూపం దీనికి వారసత్వంగా రాలేదు.

నాకు మరీ ఇష్టమైన రుజువు 'ఖె' అనే చిన్న ముక్క. పని అయిపోయిందని చెప్పే రూపంలో అది వస్తుంది. గుర్రపుస్వారీలో మాట మధ్యకు దూరుతుంది: 'పార్ట్‌ఖెరేడన్'. వాక్యూమ్ క్లీనర్ దగ్గరికొచ్చేసరికి దూరడానికి సందు దొరక్క ముందే నిలబడుతుంది: 'ఖెస్టోఫ్‌జౌఖ్ట్'. శిల్పం చెక్కడానికి వాడే 'బేల్ట్‌హౌవన్' కూడా అంతే. అది ఏ యంత్రం నుంచో కాదు, 'బేల్ట్‌హౌవర్' నుంచి, అంటే శిల్పి పేరు నుంచి వచ్చింది.