ముందు పన్ను కట్టించుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

ముందు పన్ను లేకుండా మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చున్నాక కూడా నోటికి అడ్డం పెట్టుకున్న చున్నీ తీయరు. అడిగేది ఒకటే, "ఎన్ని రోజుల్లో కడతారండీ?" అని. అది ఆఖరి సంగతి. ఆ ఖాళీలో ఎముక ఎంత మిగిలింది, పక్క పళ్ళు ఎలా ఉన్నాయి అన్నదే ముందు చూడాలి.

అపోహ: ఊడి చేతిలోకొచ్చిన పన్ను ఇక పనికిరాదు.

వాస్తవం: పాలపన్ను అయితే తిరిగి పెట్టం. శాశ్వత పన్ను దెబ్బ తగిలి వేరుతో సహా ఊడొస్తే మాత్రం అదే చోట పెట్టవచ్చు. తెల్లగా కనబడే భాగమే పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి అంటితే పాలతో తేలిగ్గా కడిగి వెంటనే ఆ గుంతలోనే పెట్టేయండి. ధైర్యం చాలకపోతే పాలగ్లాసులో వేసుకుని అరగంటలో డాక్టరు దగ్గరుండండి. పన్ను ఆరిపోతే వేరు మీది జీవకణాలు గంటలోపే చచ్చిపోతాయి. కాగితంలో పొట్లం కట్టి మర్నాడు తెచ్చేవాళ్ళను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: పై పన్ను తీయిస్తే చూపు పోతుంది.

వాస్తవం: పోదు. చూపు నరం వేరు, పంటి నరం వేరు.

అపోహ: "గంటలో ఫిక్స్‌డ్ పన్ను" కూడా బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో డాక్టరు కట్టే పన్ను) లాంటిదే, చవకగా అయిపోతుంది.

వాస్తవం: ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. అర్హత లేనివాళ్ళు అక్రిలిక్ అనే ప్లాస్టిక్ పొడిలో ద్రావణం కలిపి, ముద్ద చేసి, పక్క పళ్ళకు తీగతో కట్టి, చిగురు మీదే గట్టిపడనిస్తారు. అది గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ద్రావణం చిగురును మండిస్తుంది. తర్వాత దాని కిందికి బ్రష్ పోదు. పెళ్ళిచూపుల తొందరలో ఒకమ్మాయి అలాగే కట్టించుకుని కొన్ని నెలలకు మా దగ్గరికొచ్చింది. ముద్ద కోసి తీస్తే కింద చిగురు పచ్చిపుండు. దూది తగిలితే నెత్తురు. అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళూ వేలు పెడితే కదిలాయి. ఒక్క పన్ను కోసం మొదలైన మనిషికి మూడు పళ్ళ కబురు చెప్పాల్సొచ్చింది.

అపోహ: బ్రిడ్జి అంటే పక్క పళ్ళు అరగదీయక తప్పదు.

వాస్తవం: మామూలు బ్రిడ్జికి తప్పదు. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు, అరగదీసిన పళ్ళలో కొన్నిటికి తర్వాత రూట్ కెనాల్ కూడా పడుతుంది. పక్క పళ్ళకు ఇప్పటికే క్యాపులో, పెద్ద ఫిల్లింగులో ఉంటే అది మంచి దారే. నిక్షేపంలా ఉన్న పళ్ళను అరగదీయడానికి మాత్రం నాకు చెయ్యి రాదు. కొరికే తీరు అనుకూలిస్తే మేరీల్యాండ్ బ్రిడ్జి ఉంది, పక్క పంటి వెనకవైపు రెక్కలా అతికించేది. 1980ల మొదట్లో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో రూపుదిద్దుకుంది కాబట్టి ఆ పేరు. ఎదిగే పిల్లలకు నేను దీనివైపే మొగ్గుతాను. వాళ్ళ దవడ ఇంకా పెరుగుతుంటుంది, ఇంప్లాంటేమో, అంటే పంటి వేరుకు బదులు ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, ఎముకకు అతుక్కుని ఉన్నచోటే ఆగిపోతుంది. కొన్నేళ్ళకు పక్క పళ్ళు దిగి, ఆ ఒక్కటీ పైకి లాక్కుపోయినట్టు కనబడుతుంది.

అపోహ: ఇంప్లాంట్‌కి తొందరేం లేదు, ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

వాస్తవం: టైటానియంతో ఎముక గట్టిగా అతుక్కుంటుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో గమనించి, 1965లో మొదటిసారి మనిషికి వేశారు. ఆ పద్ధతికి ఎముకే ఆధారం. పై ముందు పళ్ళకు పెదవి వైపున్న ఎముక చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. పన్ను పోయాక మొదటి కొన్ని నెలల్లోనే అది ఎక్కువగా కరుగుతుంది, దానితోపాటే చిగురూ లోపలికి పోతుంది. ఆ తర్వాత వస్తే ముందు ఎముక పెంచే చికిత్స, ఆపైన నెలల నిరీక్షణ. పెద్ద వయసు అడ్డు కాదు. షుగరు అదుపులో ఉంటే అదీ అడ్డు కాదు. సిగరెట్టు మాత్రం నిజంగా అడ్డే.

అపోహ: కొత్త పన్ను ఎంత తెల్లగా ఉంటే అంత అందం.

వాస్తవం: పక్కవాటితో కలవకపోతే దూరం నుంచే తెలిసిపోతుంది. అందుకే లిప్‌స్టిక్ తుడిపించి, కిటికీ వెలుగులో షేడ్ గైడ్ (పళ్ళ రంగుల నమూనాలు) పంటి పక్కన పెట్టి చూస్తాను. పని మొదలుపెట్టకముందే చూడాలి, ఎందుకంటే నోరు తెరిచి ఉంచేకొద్దీ పళ్ళు ఆరి ఉన్నదానికంటే తెల్లగా కనబడతాయి. పన్ను ఊడకముందు నవ్వుతూ దిగిన ఫోటో ఉంటే వచ్చేటప్పుడు తెచ్చుకోండి. పాత పన్ను ఆకారానికి అంతకంటే మంచి ఆధారం నాకు దొరకదు.