రామగుండం పక్కనే ఉన్నా మన ఊళ్లో కరెంటు ఎందుకు పోతుంది? పల్లె లైన్ల మీద అపోహలు, వాస్తవాలు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో కరెంటు లైన్ల మీద పనిచేయబట్టి ఇరవై మూడేళ్లయింది. పెళ్లికి పోయినా, దినాలకు పోయినా నేను ఫలానా అని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. అడిగేవి నాలుగైదు మాటలే, ఇన్నేళ్లుగా అవే. వాటికి జవాబు విస్తరి ముందు కూర్చుని చెప్తే ఒడవదు. అందుకే రాస్తున్నా.

అపోహ: "ఎన్‌టీపీసీ మన పక్కనే ఉంది. మనకు చవగ్గా, పోకుండా రావాలె గదా?"

రామగుండంలో ఎన్‌టీపీసీ పాత ప్లాంటు 2600 మెగావాట్లది. ఆ కరెంటంతా గ్రిడ్డులో కలిసి దక్షిణాది రాష్ట్రాలకు వాటాల ప్రకారం పోతుంది. చిమ్నీ కనబడేంత దగ్గర్లో ఉన్నామని ఎవరికీ రేటు తగ్గదు. పల్లె కరెంటు ఖరీదైపోయేది ఆఖరి పది కిలోమీటర్లలో. హనుమకొండలో ఒక కిలోమీటరు లైను గుంజితే వందల ఇళ్ల మీటర్లు దానికి తగులుతాయి. మా దగ్గర అదే కిలోమీటరుకు నాలుగు బావులు. స్తంభాలు అన్నే, తీగ అంతే, కొమ్మ విరిగిపడితే లైన్‌మన్ నడవాల్సిన దూరమూ అంతే. ఖర్చు పంచుకునేవాళ్లే తక్కువ.

ఈ చిక్కు కొత్తది కాదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టిన కొత్తలో, పల్లెవాళ్లే సభ్యులుగా కరెంటు సంఘాలు నడపగలరా అని దేశంలో ఐదు చోట్ల ప్రయోగం చేశారు. అందులో మన సిరిసిల్ల ఒకటి. 1970లో మొదలైన ఆ సహకార విద్యుత్ సరఫరా సంఘాన్నే అందరూ 'సెస్' అంటారు.

అపోహ: "సహకార సంఘమంటే మనదే. లాభం అక్కర్లేదు కాబట్టి యూనిట్ రేటు తక్కువ పెట్టొచ్చు."

సంఘం కరెంటు తయారు చేయదు. ఉత్తర డిస్కం (ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ) దగ్గర హోల్‌సేల్‌గా కొంటుంది. కొనే రేటూ, మన బిల్లులో ఉండే రేటూ రెండూ హైదరాబాదులోని విద్యుత్ నియంత్రణ మండలి ఖాయం చేసేవే. సంఘం చేతిలో మిగిలేది నడుమ ఉన్న సందు: లైన్లో పోయే నష్టం, మరమ్మతులు, స్టాకు, జీతాలు. లెక్క కోసం చెప్తున్నా, 100 యూనిట్లు కొని 85 చేరవేస్తే ఒక కథ, 90 చేరవేస్తే ఇంకో కథ. ఆ ఐదు యూనిట్ల పైసలతోనే పాత కండక్టర్ (లైను తీగ) మారాలి, స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డులో ఉండాలి.

ఒక కష్టం మాత్రం ఓట్లున్న చోట తప్పదు. 2022 డిసెంబరులో సెస్ 15 డైరెక్టర్ స్థానాలకు ఎన్నికలు జరిగినప్పుడు ఆ హడావుడి మీలో చాలామంది చూసే ఉంటారు. ఎన్నికైనవాళ్లు ఎవరైనా కానీ, జనానికి కొత్త లైను కనబడుతుంది, తీగలో కరెంటు స్తంభానికి తగలకుండా ఆపే ఇన్సులేటర్ మారిస్తే కనబడదు. టెంకాయ కొట్టడానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఉంటుంది. బిగించిన జంపర్ (తీగకూ తీగకూ కలిపే ముక్క) దగ్గర ఎవరు కొడతారు? నన్నడిగితే, ఏ సంస్థలోనైనా మెయింటెనెన్స్ పైసలను కొత్త పనులకు మళ్లించడమే పెద్ద తప్పు.

అపోహ: "చినుకు పడితే చాలు, బంద్ చేసి పండుకుంటరు."

ఈ మాట నన్ను బాగా కలుక్కుమనిపిస్తుంది, ఎందుకంటే మేం నిద్రపోనిది ఆ రాత్రే.

ఎండాకాలమంతా రోడ్డు దుమ్ము, క్రషర్ల దుమ్ము, కోతల పొట్టు పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుంటాయి. పొడిగా ఉన్నన్నాళ్లు ఏం కాదు. మొదటి తుంపర పడగానే అది తడి మట్టి అవుతుంది, దాని మీదుగా కరెంటు స్తంభంలోకి జారుతుంది. వెంటనే సబ్‌స్టేషన్‌లో రిలే (లోపాన్ని పసిగట్టే పరికరం) పనిచేసి 11 కేవీ (11 వేల వోల్టుల) ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను, పడిపోతుంది. ఎవరూ ఆఫ్ చేయలేదు, అదే ట్రిప్పయింది. జోరు వాన పడితే దుమ్ము కడుక్కుపోయి లైను మళ్లీ నిలబడుతుంది. అందుకే కుండపోత కన్నా చినుకులకే మాకు భయం ఎక్కువ.

ఇంకో రకం ఇన్సులేటర్ ఉంటుంది. వెంట్రుకంత పగులు, కింది నుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. పిడుగు తాకిడికి లోపల ఎప్పుడో చిట్లి ఉంటుంది, తడిస్తేనే బయటపడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఏబీ స్విచ్‌లు (లైనును మధ్యలో విడదీసేవి) విప్పి, ఫీడర్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఛార్జి ఇచ్చి చూడాలి. నిలబడితే ముందుకు, పడిపోతే అందులోనే ఉంది. అర్ధరాత్రి వరిమడి గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఇరవై స్తంభాలు ఎక్కి దిగినవాడికి తెలుస్తుంది, "ఐదు నిమిషాల పని" అంటే ఏమిటో.

మరి పింగాణీవి తీసేసి అన్నీ పాలిమర్ (ప్లాస్టిక్ రకం) ఇన్సులేటర్లు వేసేయొచ్చు కదా? వేయొచ్చు, అన్ని ఫీడర్లకూ ఒకేసారి పైసలుంటే. లేవు కాబట్టి ఏ ఫీడర్ నెలలో ఎన్నిసార్లు పడిందో రిజిస్టర్ చూసి, మొండి ఫీడర్లను ముందు పట్టుకుంటాం. ఇక్కడ గంటల లెక్క ఒక్కటే సరిపోదు. రైతుకు ఒకేసారి గంట పోయినా తర్వాత పారించుకుంటాడు. సిరిసిల్ల మరమగ్గానికి ఒక్క నిమిషం పోయినా గుడ్డలో ఆగిన గీత పడుతుంది. రోజుకు అరవైసార్లు నిమిషం చొప్పున పోతే రైతు లెక్కలోనూ గంటే, మగ్గాల ఆసామి లెక్కలోనూ గంటే. ఆసామికి మాత్రం ఆ రోజు గుడ్డ పోయినట్టే.

అపోహ: "నాసిరకం ట్రాన్స్‌ఫారం ఇచ్చిన్రు, అందుకే కాలింది."

కొన్నిసార్లు నిజమే, రీవైండింగ్ బాగా లేనివి వస్తాయి. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ చావులు ఇట్లాంటివి.

ఒక ఊళ్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకే యాసంగిలో రెండుసార్లు కాలింది. రైతులు ట్రాక్టరులో ఎక్కించుకుని షెడ్డుకు తెచ్చారు, మొహాలు మండిపోతున్నాయి. మార్చాక వాళ్లతోపాటే పోయి టాంగ్ టెస్టర్ (తీగలో కరెంటు కొలిచే పరికరం) పెట్టి చూశా. 100 కేవీఏ మోయగలిగేది ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు. ముల్లు 180 దాటింది. కాయితం మీద 14 మోటర్లు, అన్నీ 5 హెచ్‌పీ. బావుల వెంట తిరిగితే 19 తేలాయి, అందులో ఆరు ఏడున్నర హెచ్‌పీవి. ఇక ఫ్యూజు చూస్తే, రాగి తీగ ఉండాల్సిన చోట కండక్టర్ అల్యూమినియం పోగులు రెండు మెలేసి కట్టారు.

"మాటిమాటికి పోతాంది సారు, గట్టిది ఏసినం" అన్నాడొకాయన, తప్పు చేసినట్టు కాదు, నాకు పని తప్పించినట్టు.

ఫ్యూజు పోవడమే దాని పని. అది పోకపోతే లోపల వైండింగ్ పోతుంది. రెండు రూపాయల తీగను కాపాడి లక్షల సామాను కాల్చుకున్నాం.

అసలు దెబ్బ ఆటోస్టార్టర్లది. కరెంటు పోయి రాగానే పందొమ్మిది మోటర్లూ ఒక్క క్షణంలో లేస్తాయి. మోటరు కదిలే రెండు మూడు సెకన్లు మామూలుకు ఐదారు రెట్లు గుంజుతుంది. అప్పుడు వోల్టేజీ కూలి, సగం మోటర్లు లేవలేక మూలుగుతూ ఇంకా గుంజుతాయి. మీ మోటర్ కాయిలు కాలిపోయేది కూడా ఆ మూలుగులోనే.

అపోహ: "ఫ్రీ కరెంటే గదా, కెపాసిటర్ పెడితే మాకేం వస్తది?"

వ్యవసాయానికి ఉచితం 2004 నుంచి ఉంది, 24 గంటలు ఇచ్చుడు 2018 జనవరి 1న మొదలైంది. అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా 2024 మార్చి నుంచి ఉచితం. ఉచితమంటే ఎవరో ఒకరు కడుతున్నారనే. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ ఇస్తానన్న ప్రభుత్వం ఆ సొమ్ము ముందే సరఫరా సంస్థకు చెల్లించాలి. అది ఆలస్యమైతే ఏ సంస్థైనా మొదట ఆపేది లైన్ల మరమ్మతే. పైగా బావుల కాడ మీటర్లు లేవు. ఎంత నీళ్లయింది, ఎంత తీగలో వేడయింది అనేది సగం అంచనానే.

కెపాసిటర్ అంటే మోటరు లైను నుంచి అదనంగా గుంజే కరెంటును తగ్గించే చిన్న డబ్బా. అది లేని 5 హెచ్‌పీ మోటర్ తొమ్మిదిన్నర ఆంపియర్లు గుంజితే, సరైనది పెట్టాక ఏడున్నరకు దిగుతుంది. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. మీకొచ్చేది వోల్టేజీ. లైను చివరి బావికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

అండర్‌గ్రౌండ్ కేబుల్ గురించి కూడా అడుగుతారు. తీగల కంటే ఎన్నో రెట్లు ఖర్చు, పైగా జేసీబీ ఒక్కసారి తగిలితే ఎక్కడ తెగిందో వెతకడానికే రోజు పడుతుంది. మన పొలాలకు కుదరదు.

ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలిన ఆ ఊరి సంగతి చెప్పి ఆపుతా. లెక్కలో లేని ఐదు మోటర్లకు కనెక్షన్ కోసం డీడీలు కట్టించాం. అవతలి గట్టు బావులకు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) తీగ సాగదీయకుండా 11 కేవీనే అక్కడిదాకా తీసుకుపోయి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. అదే లోడు 11 కేవీ మీద పోతే కరెంటు ఇరవై ఏడో వంతే, నష్టం లెక్కకు రానంత. ఆటోస్టార్టర్లు తీయమంటే మాత్రం ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "రాత్రి కరెంటొచ్చే దినాలల్ల నా తమ్ముడు బాయికాడ్నే పాము కుట్టి పోయిండు బిడ్డా. నేను చీకట్ల పోను" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తీయించలేదు, టైమర్లు పెట్టించాం. ఒక్కో బోరుకు ఒక్కో గడువు, అర నిమిషం నుంచి మొదలుపెట్టి. మోటర్లు ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి. ఆ యాసంగి ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు.

పెద్దాయన బోరుకు ఆఖరి వంతు వచ్చింది, తొమ్మిదిన్నర నిమిషాలు. ఇప్పటికీ ఫోన్ చేసి తిడతాడు, "అందరి మడి తడిసినంక నాకిస్తవా?" అని.